గడి లోపల ఎవరు, గడి బయట ఎవరు?
బొమ్మల కథల పుస్తకాల మీద మన పాఠకుల మాట

పటాన్‌చెరు నుంచి ముత్తంగి, ఇస్నాపూర్, రుద్రారం, కంది మీదుగా సంగారెడ్డి దాకా పోయే రోడ్డు పొడుగునా ఫ్యాక్టరీలు, వాటి వెనుక బస్తీలు, బస్తీల పక్కన సర్కారు బడులు. ఈ బడుల్లో, బస్తీల్లో, అంబేడ్కర్ సంఘాల కూడికల్లో బొమ్మల కథల పుస్తకాల సంగతి ఎత్తినప్పుడల్లా మాకు ఎదురయ్యే మాటలు దాదాపు ఒక్కతీరుగానే ఉంటాయి. ఉపాధ్యాయులు ఒకటంటారు, కార్యకర్తలు ఒకటంటారు, పెద్దమనుషులు ఒకటంటారు, పిల్లలు మరొకటంటారు. ఆ మాటల్ని వరుసగా పెట్టి, ఒక్కొక్కదానిలో నిజమెంత, అపోహ ఎంత అని విచారించడమే ఈ వ్యాసం పని. ఇది సర్వే కాదు. ఎంతమంది ఏమన్నారని లెక్కలు తీయలేదు. మనమధ్య నలుగుతున్న మాటల్ని బయటపెట్టి చర్చకు తేవాలన్నదే మా ఉద్దేశం.

మొదటి మాట: "బొమ్మలు చూసుడు చదువుడెట్లయితది? పరీక్షల బొమ్మలొస్తయా?" రెండో మాట: "అవన్నీ దేవుళ్ల కథలు, రాజుల కథలు. మన పోరగాళ్ల చేతిల ఎందుకు పెట్టాలె?" మూడో మాట: "బాబాసాహెబ్ జీవితమంటే ఆషామాషీనా, కామిక్ బొమ్మను చేస్తరా?" నాలుగో మాట: "మంచిగనే ఉన్నయి గని ఇంగ్లీషుల ఉన్నయి, కొనలేం."

ఈ నాలుగు మాటలూ తేలిగ్గా తీసిపారేసేవి కావు. అయితే నాలుగింటి అడుగునా ఒకే ప్రశ్న ఉంది. బొమ్మను చదవడం తెలిసినవాళ్లు ఎవరు? ఆ చదువును చదువుగా ఒప్పుకునేది ఎవరు?

గడి అంటే ఏమిటి

ముందు మాటల అర్థం చూద్దాం. వరుసగా పేర్చిన బొమ్మలూ మాటలూ కలిసి కథ చెబితే దాన్ని కామిక్ అంటున్నారు. ఒక్కో బొమ్మ చుట్టూ గీసే చట్రాన్ని గడి అందాం. మనిషి మాట్లాడే మాట బుడగలో ఉంటుంది. ఇట్లాంటి కథే పెద్దదై, ఒక పూర్తి పుస్తకంగా వస్తే దాన్ని గ్రాఫిక్ నవల అంటున్నారు. అమెరికాలో విల్ ఐస్నర్ 1978లో తన పుస్తకానికి ఆ పేరు వాడిన తర్వాత అది బాగా వ్యాప్తిలోకి వచ్చింది.

కామిక్‌లో అసలు పని జరిగేది గడిలో కాదు, రెండు గడుల మధ్య వదిలేసిన ఖాళీలో. మొదటి గడిలో ఒక పిల్లవాడు బడిలో నీళ్ల కుండ దగ్గర వంగి ఉన్నాడనుకుందాం. రెండో గడిలో అదే పిల్లవాడు చెంప పట్టుకుని బయట నిలబడి ఉన్నాడు. మధ్యలో ఏం జరిగిందో గీసినవాడు గీయలేదు. దాన్ని పూరించేది చదివేవాడు. ఆ దెబ్బ ఎరిగిన ఇంటి పిల్లవాడు దాన్ని ఒక్క క్షణంలో పూరిస్తాడు. ఎరగనివాడు "ఏదో అల్లరి చేసి ఉంటాడు" అనుకుంటాడు. పుస్తకం ఒక్కటే, బొమ్మలు అవే. కానీ చదువు రెండు రకాలు. అందుకే బొమ్మల పుస్తకం మీద అభిప్రాయం చెప్పడమంటే మన బతుకును అందులో పెట్టి చదవడమే.

ఇంకొక మాట. తెలంగాణలో గడి అంటే బొమ్మ చుట్టూ గీసిన చట్రం మాత్రమే కాదు, దొర కట్టుకున్న కోట కూడా. ఆ గడి ముందర మన తాతలు చెప్పులు చేతపట్టుకుని నడిచారు. బొమ్మల పుస్తకంలోని గడి కూడా అట్లాంటిదే కాగలదు. ఎవరిని లోపలికి రానిస్తుంది, ఎవరిని బయట నిలబెడుతుంది అని అడగకుండా దాన్ని చదవలేం.

"బొమ్మలు చూసుడు చదువుడెట్లయితది?"

ఈ మాటకు జవాబు ఫ్యాక్టరీ గేటు లోపలే ఉంది. రసాయనాల డ్రమ్ముల మీద ఎర్ర అంచుతో డైమండు ఆకారంలో కొన్ని గుర్తులుంటాయి. ఐక్యరాజ్యసమితి 2003లో వెలువరించిన ఉమ్మడి పద్ధతిలో ఇట్లాంటివి తొమ్మిది. పుర్రె, ఎముకలు ఉంటే వెంటనే ప్రాణం తీయగల విషమని. చేతి మీద, లోహం మీద చుక్కలు పడుతుంటే తోలునూ ఇనుమునూ తినేసేదని. మనిషి ఛాతీ మీద నక్షత్రం పగిలినట్టుంటే, ఇవాళ కాకపోయినా ఏళ్ల తర్వాత కేన్సర్ లాంటి జబ్బై బయటపడుతుందని. ఎండిన చెట్టు, చచ్చిన చేప ఉంటే నీళ్లలో కలిస్తే జీవరాశికి చేటని.

పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం షెడ్లలో తెలుగు కార్మికుని పక్కన బీహారీ, ఒడియా కార్మికులు నిలబడతారు. ముగ్గురికీ ఉమ్మడిగా ఉన్న లిపి ఆ బొమ్మలే. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో చాలామంది వలస కార్మికులు. గుర్తు చదవడం వచ్చినంత మాత్రాన ప్రాణం దక్కదు, భద్రత కల్పించాల్సింది యాజమాన్యమే. అయినా ఏ డ్రమ్ములో ఏముందో తెలుసుకోవడం కార్మికుని హక్కు. అది అతనికి అందేది చాలావరకు బొమ్మగానే. అట్లాంటి చోట నిలబడి, బొమ్మ చదవడం చిన్నపిల్లల ఆట అని ఎట్లా అంటాం?

ఇది కొత్తగా వచ్చిన చదువు కూడా కాదు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో నకాషీ చిత్రకారులు గుడ్డ మీద చింతగింజల జిగురు, తెల్ల సుద్ద పూసి, ఆరబెట్టి, పొడుగాటి పటాలు గీసేవారు. ఎర్రటి నేల మీద అడ్డం వరుసలుగా గడులు, వరుసకూ వరుసకూ మధ్య పూల అంచు. పటం చుట్ట విప్పుకుంటూ, ఒక్కో బొమ్మను చూపుతూ రాత్రంతా కథ చెప్పేవారు. మాదిగలకు జాంబపురాణం చెప్పింది డక్కలివాళ్లు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, గౌడులకు జెట్టివాళ్లు. అక్షరం ఎవరికి నిషేధించారో వాళ్ల చరిత్ర బొమ్మల్లో నిలిచింది. భూమి పుట్టకముందే పుట్టినవాడు జాంబవంతుడని, మాదిగలు ఆయన సంతతి అని చెప్పే కథ అచ్చు పుస్తకంలోకి రాకముందు పటం మీద ఉంది. గ్రాఫిక్ నవల పరదేశం నుంచి వచ్చిన వస్తువు అనుకునేవాళ్లు ఈ పటాన్ని ఒక్కసారి విప్పి చూడాలి.

అయితే గొప్పలు చెప్పుకుని ఊరుకుంటే సరిపోదు. ఆ పటం మోసుకొచ్చిన డక్కలివాళ్లను మాదిగవాడ కూడా దూరంగానే పెట్టింది. మన చరిత్ర చెప్పినవాళ్లను మన గడప అవతల నిలబెట్టాం. గడి బయట ఎవరున్నారనే ప్రశ్న అగ్రకులాల మీద మాత్రమే వేసేది కాదు, మన మీద మనం కూడా వేసుకోవాల్సిందే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఇంట్లో మొట్టమొదటిసారి బడికి వచ్చిన పిల్లవాడు అక్షరాల పుస్తకం ముందు బిక్కచచ్చిపోతాడు. బొమ్మల పుస్తకం ముందు నోరు విప్పుతాడు. ఎవరు ఎక్కడున్నారు, ఎవరి ముఖం ఎట్లుంది, తర్వాత ఏమైతది అని చెప్పగలుగుతాడు. చూసి, పోల్చి, ఊహించి, కారణం చెప్పడం చదువు కాక మరేమిటి? పరీక్షలో రాదు కాబట్టి అది చదువు కాదంటే, లోపం పిల్లవాడిది కాదు, పరీక్షది.

"అవన్నీ వాళ్ల కథలు"

ఈ మాటలో నిజం చాలా ఉంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన 'చందమామ' తెలుగు పిల్లలకు బొమ్మతో కథ చదివే అలవాటు చేసింది. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్యల బొమ్మలు మూడు తరాల కళ్లలో నిలిచాయి. ఆ బొమ్మల పనితనాన్ని కాదనలేం. కానీ ఆ కథల్లో ఎక్కువగా కనిపించేది ఎవరు? రాజు, మంత్రి, పేద బ్రాహ్మడు, షావుకారు. చెప్పు కుట్టేవాడు, డప్పు కొట్టేవాడు, పెంట ఎత్తేవాడు కథకు నాయకుడైన సందర్భాలు వెతికి చూడాలి.

'అమరచిత్ర కథ' ఇంకో అడుగు ముందుకు వేసింది. దాన్ని 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టారు. టీవీ క్విజ్‌లో పిల్లలు గ్రీకు దేవుళ్ల పేర్లు చెప్పి, రాముని తల్లి పేరు చెప్పలేకపోవడం చూసి ఈ పనికి పూనుకున్నానని ఆయన చెప్పుకున్నారు. అంటే మొదటి అడుగులోనే భారతీయ పిల్లవాడికి తెలియాల్సిన చరిత్ర అంటే ఏమిటో తేలిపోయింది. కౌసల్య పేరు తెలియాలి. జాంబవంతుని సంతతి ఎవరో తెలియకపోయినా ఫర్వాలేదు! 400కు పైగా సంచికలు, తెలుగుతో సహా అనేక భాషల్లో వచ్చాయి. వాటిలో దేవతలకు పచ్చటి ఒళ్లు, లేదా నీలం ఒళ్లు. రాక్షసులకు నల్లటి ఒళ్లు, పెద్ద పళ్లు, రింగుల జుట్టు. ఎండలో పని చేసే ఒంటిని రాక్షసుని ఒంటిగా గీస్తే, ఆ పుస్తకం చదివిన పిల్లవాడు ఇంటికొచ్చి అమ్మ ముఖంలో ఏం చూస్తాడు?

హైదరాబాద్ పరిశోధకురాలు దీపా శ్రీనివాస్ 2010లో వచ్చిన తన పుస్తకంలో అమరచిత్ర కథ మీద చేసిన పరిశీలన మన కార్యకర్తలకు ఉపయోగపడుతుంది. ఆ బొమ్మల కథలు కాలక్షేపం కోసం వేసినవి కావు, ఒక మధ్యతరగతి మనిషిని తయారు చేశాయన్నది ఆమె వాదన. క్రమశిక్షణ, స్వయంకృషి, ప్రతిభ ఉంటే చాలు, మనిషి పైకి వస్తాడన్న నమ్మకాన్ని అవి పోసి పెంచాయి. రిజర్వేషన్ల వ్యతిరేక వాదానికి పునాది రాయి సరిగ్గా ఈ ప్రతిభ కథే కదా. అమరచిత్ర కథ 1979లో బాబాసాహెబ్ మీద కూడా ఒక సంచిక వేసింది. మన పిల్లలు చాలామంది ఆయన్ని మొదట బొమ్మల్లో చూసింది అక్కడే. అది చిన్న విషయం కాదు. అయితే ఒక్కడే వీరుడు, ఒక్కడే గెలుపు అనే అచ్చులో ఎవరి కథ పోసినా, వెనుక ఉన్న జనం మసకబారతారు. మహద్ చెరువు దగ్గరికి 1927లో నడిచిన వేల కాళ్లు, వాటి ముందు నడిచిన ఒక మనిషి నీడలో కలిసిపోతాయి.

మరి ఈ పుస్తకాలు పిల్లలకు ఇవ్వొద్దా? దాచిపెడితే లాభం లేదు. అదే కథ టీవీలో, ఫోన్‌లో, గోడ మీద కనిపిస్తూనే ఉంటుంది. పుస్తకాన్ని ముందు పెట్టి ప్రశ్న నేర్పడమే మేలు. ఈ పేజీలో నల్లగా ఉన్నది ఎవరు? బుడగ ఎవరి నోటి దగ్గర ఉంది? నోరు మూసుకుని పని చేస్తున్నది ఎవరు? గడి అంచున సగం తెగిన మనిషి ఎవరు? ఈ నాలుగు ప్రశ్నలు నేర్చిన పిల్లవాడికి ఏ పుస్తకమూ విషం కాదు.

"బాబాసాహెబ్‌ను బొమ్మ చేస్తరా?"

పెద్దమనుషుల ఈ బెదురు ఊరికే పుట్టలేదు. 2012లో ఏం జరిగిందో గుర్తు చేసుకోవాలి. రాజ్యాంగ రచన ఆలస్యమవుతోందని ఎత్తిపొడుస్తూ కార్టూనిస్టు శంకర్ 1949లో ఒక కార్టూన్ వేశారు. నత్త మీద అంబేడ్కర్ కొరడా పట్టుకుని కూర్చుని ఉంటారు. వెనుక నెహ్రూ కొరడా ఎత్తి ఉంటారు. చుట్టూ జనం చోద్యం చూస్తుంటారు. ఇది ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి రాజనీతి శాస్త్రం పుస్తకంలో చేరింది. 2012 మే నెలలో పార్లమెంటు దద్దరిల్లింది. ప్రభుత్వం దాన్ని తీసేస్తామని చెప్పింది. పాఠ్యపుస్తక సలహాదారులు ఇద్దరు రాజీనామా చేశారు. వాళ్లలో ఒకరి పుణె కార్యాలయం మీద దాడి కూడా జరిగింది. ఆ దాడిని మేము సమర్థించడం లేదు.

అప్పుడు చాలామంది మేధావులు మనకు చేసిన ఉపదేశం మరిచిపోలేం. దళితులకు హాస్యం అర్థం కాదన్నారు. కార్టూన్ చదవడం రాదన్నారు. నత్త అంటే రాజ్యాంగం, కొరడా నత్త కోసమే అని విడమరిచి చెప్పారు. మనోళ్లు చదివింది వేరు. కొరడా పట్టిన చెయ్యి ఎవరిది, ఆ చేతికి ఎదురుగా ఉన్న వీపు ఎవరిది, దాన్ని చూస్తూ నిలబడిన గుంపు ఎవరిది అని చదివారు. ఇది చదవడం రాకపోవడమా, లేక మరింత బాగా చదవడమా?

ఈ ప్రశ్నకు సరైన జవాబు ఇచ్చినవాడు ఒక తెలుగు కార్టూనిస్టు, పరిశోధకుడు. ఉన్నమటి శ్యామసుందర్ ఆ గొడవ తర్వాత పాత ఇంగ్లీషు పత్రికలు తిరగేసి, 1932 నుంచి 1948 దాకా అంబేడ్కర్ మీద వచ్చిన వందకు పైగా కార్టూన్లు పోగు చేశాడు. 2019లో 'నో లాఫింగ్ మ్యాటర్' పేరుతో అవి పుస్తకంగా వచ్చాయి. శంకర్, ఎన్వర్ అహ్మద్, ఆర్.కె. లక్ష్మణ్ లాంటి పేరున్నవాళ్ల బొమ్మలు అందులో ఉన్నాయి. ఒక్క కార్టూన్ చూస్తే నవ్వి వదిలేయొచ్చు. వందా వరుసగా చూస్తే అది హాస్యం కాదు, ఒక కాలపు పత్రికా ప్రపంచం అంబేడ్కర్‌ను చూసిన చూపు అని తెలుస్తుంది. 2012లో మన పాఠకులు కోపంగా చెప్పిన అభిప్రాయాన్ని ఆయన ఆధారాలతో నిలబెట్టాడు. పాఠకుని కోపం పరిశోధన కావడం అంటే ఇదే.

కాబట్టి బెదురు న్యాయమైందే. కానీ బెదిరి బొమ్మనే వద్దనుకుంటే నష్టం మనకే. గంభీరమైన బాధ బొమ్మల్లో ఒదగదన్నది పాత మాట. యూదుల మీద నాజీలు చేసిన మారణకాండను ఆర్ట్ స్పీగల్‌మన్ యూదుల్ని ఎలుకలుగా, నాజీల్ని పిల్లులుగా గీసి 'మౌస్' అనే పుస్తకం చేశాడు. 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక బహుమతి వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2022లో, అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో ఒక స్కూలు బోర్డు దాన్ని పాఠాల్లోంచి తీసేసింది. బొమ్మ ఆటవస్తువే అయితే బోర్డులు దానికి భయపడతాయా?

నల్లవాళ్ల అనుభవం ఇంకా దగ్గరిది. మాంట్‌గోమరీ బస్సుల బహిష్కారం మీద 1957లో 16 పేజీల కామిక్ ఒకటి వచ్చింది. మార్టిన్ లూథర్ కింగ్ కథతో పాటు అహింసా పోరాటం ఎట్లా చేయాలో అందులో పద్ధతిగా చెప్పారు. దాన్ని చదివిన యువకుల్లో జాన్ లూయిస్ ఒకడు. ఆయన తర్వాత పార్లమెంటు సభ్యుడై, తన ఉద్యమ జీవితాన్ని 'మార్చ్' పేరుతో మూడు గ్రాఫిక్ నవలలుగా 2013–2016 మధ్య తెచ్చాడు. ఒక కామిక్ చదివినవాడు ఉద్యమంలోకి పోయి, ఆ ఉద్యమాన్ని మళ్లీ కామిక్ చేసి తర్వాతి తరానికి ఇచ్చాడన్నమాట.

మన దేశంలో 2011లో నవయాన ప్రచురించిన 'భీమాయన' చూడండి. బాబాసాహెబ్ రాసుకున్న 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' దానికి ఆధారం. నీళ్లు, నీడ, ప్రయాణం అనే మూడు సంగతుల చుట్టూ కథ నడుస్తుంది. 1901లో తండ్రిని చూడబోతూ స్టేషన్ నుంచి బండి దొరకక, తాగడానికి నీళ్లు దొరకక అల్లాడిన పిల్లలు, బరోడాలో కులం బయటపడి వసతి నుంచి గెంటేసిన రోజు, అన్నీ ఉన్నాయి. బొమ్మలు గీసింది పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్. మాటలు శ్రీవిద్యా నటరాజన్, ఎస్. ఆనంద్‌లవి.

ఇందులో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వ్యామ్ దంపతులు మనుషుల్ని పెట్టెల్లాంటి గడుల్లో బిగించలేదు. తమ ఇళ్ల గోడల మీద, నేల మీద మట్టితో వేసే 'దిగ్నా' నమూనాతో పేజీని విడదీశారు. మన ఆడవాళ్లు అలికి ముగ్గు పెట్టినట్టే. బుడగల్లో కూడా తేడా ఉంది. మెత్తటి మాట, బాధపడేవాళ్ల మాట పిట్ట ఆకారంలో ఉంటుంది. కులం నిండిన మాటకు తేలు కొండి ఉంటుంది. అక్షరం రానివాళ్లకు కూడా ఏది కుట్టే మాటో, ఏది ఆదరించే మాటో కంటికి తెలుస్తుంది. బాబాసాహెబ్‌ను బొమ్మ చేస్తే తక్కువ చేసినట్టు కాదు, ఎట్లా గీశారన్నదే ప్రశ్న అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

అదే ఏడాది అదే ప్రచురణకర్తలు ఫూలే 1873లో రాసిన 'గులాంగిరి' ఆధారంగా 'ఎ గార్డెనర్ ఇన్ ది వేస్ట్‌లాండ్' తెచ్చారు. శ్రీవిద్యా నటరాజన్ రాయగా అపరాజితా నినన్ బొమ్మలు వేశారు. సావిత్రిబాయి, జోతిబా ఇందులో పటాలకు దండ వేసిన ముఖాల్లా ఉండరు. వాదిస్తారు, ఎగతాళి చేస్తారు. మన ఇళ్లలో గోడకు తగిలించిన ఫూలే, అంబేడ్కర్ పటాలు దండం పెట్టించుకుంటాయి. బొమ్మల కథలోని ఫూలే, అంబేడ్కర్ మనతో మాట్లాడతారు. రెండూ కావాలి. మొదటిదొక్కటే ఉంటే మనం భక్తులమవుతాం.

"మంచిగనే ఉన్నయి గని..."

పిల్లలు, యువకులు అనే ఈ నాలుగో మాటే అన్నిటికన్నా పదునైంది. పైన చెప్పిన పుస్తకాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషులో పుట్టాయి. పట్నం పుస్తకాల షాపుల్లో దొరుకుతాయి. వాటి ధర కాంట్రాక్టు కార్మికుని కూలీకి బరువు. అంటే ఎవరి బాధ గురించి రాశారో వాళ్లకు అందకుండా, ఆ బాధ చదివి కన్నీరు పెట్టుకునేవాళ్లకు అందుతున్నాయి. ఇది కొత్త రకం గడి. దీని గోడలు ధర, భాష.

దారులు లేవని కాదు. హైదరాబాద్‌లోని అన్వేషి 2008లో 'డిఫరెంట్ టేల్స్' పేరుతో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో పిల్లల బొమ్మల పుస్తకాలు తెచ్చింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'తలకాయ కూర' ఉన్న ఇల్లు, గోగు శ్యామల మాదిగ వాడ, పాఠ్యపుస్తకాల్లో కనిపించని పిల్లలు అందులో కథానాయకులయ్యారు. రామాయణంలో చంపదగిన రాక్షసిగా చూపిన తాటకి పేరు శ్యామల కథలో గెలిచిన పిల్ల పేరైంది. నల్లటి ఒంటిని రాక్షసి ఒళ్లుగా గీసిన గడికి ఇది సూటి జవాబు. కంచ ఐలయ్య 2007లో రాసిన 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్' కూడా దుర్గాబాయి వ్యామ్ బొమ్మలతో వచ్చింది. తోలు పని, కుండ పని, చాకలి పని, మంగలి పని వెనుక ఉన్న తెలివినీ విజ్ఞానాన్నీ అది పిల్లలకు చెబుతుంది. ఇట్లాంటివి బడి లైబ్రరీల్లోకి, జిల్లా గ్రంథాలయాల్లోకి, గురుకులాల్లోకి రావాలని అడగడం మన సంఘాల పని. అంబేడ్కర్ జయంతికి ఫ్లెక్సీ మీద పెట్టే ఖర్చులో కొంత ఈ పుస్తకాల మీద పెడితే ఎట్లుంటుందో ఆలోచించాలి.

అయితే కొనుక్కోవడం సగం పనే. గీయడం మిగతా సగం. పెద్ద పుస్తకం అక్కర్లేదు. ఢిల్లీ కార్టూనిస్టు శరద్ శర్మ, ఆయన సంస్థ వరల్డ్ కామిక్స్ ఇండియా ఎన్నో రాష్ట్రాల పల్లెల్లో నేర్పిన పద్ధతి చాలా సులువైంది. రెండు మామూలు తెల్ల కాగితాలు పక్కపక్కన అతికించాలి. నాలుగు గడులు గీయాలి. మొదటి గడిలో సమస్య మొదలు, రెండో గడిలో అది ముదరడం, మూడో గడిలో మలుపు, నాలుగో గడిలో ముగింపు లేదా ప్రశ్న. నల్ల పెన్నుతో గీస్తే జిరాక్సు తీయొచ్చు. చాయ హోటల్ దగ్గర, బస్‌స్టాప్ దగ్గర, రేషన్ షాపు గోడకు అతికించొచ్చు. బొమ్మ బాగా రాకపోయినా ఫర్వాలేదు. కథ మనదైతే చదివేవాళ్లు ఆగుతారు.

గీయాల్సిన కథ మన కాళ్ల దగ్గరే పారుతోంది. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల మురికి మోసిన నక్కవాగు మంజీరలో కలుస్తుంది. హైదరాబాద్‌కు తాగునీళ్లు ఇచ్చింది ఆ మంజీరే. ఈ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లను పరీక్షిస్తే, ఒక్క లీటరులో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు తేలింది. ప్రపంచమంతా ఈ పేరు విన్నది. శాస్త్ర పత్రికల్లో గ్రాఫులు వచ్చాయి. కోర్టుల్లో ఫైళ్లు పెరిగాయి. ఆ నీళ్లలో బర్రెలను కడిగిన మనిషి, ఆ ఒడ్డున పొలం పోగొట్టుకున్న మనిషి మాట్లాడే బుడగ మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది.

నర్మద మీద పెద్ద డ్యాములకు వ్యతిరేకంగా సాగిన పోరాటాన్ని ఓరిజిత్ సేన్ 1994లో 'రివర్ ఆఫ్ స్టోరీస్' పేరుతో బొమ్మల కథ చేశాడు. మన దేశంలో గ్రాఫిక్ నవల దానితోనే మొదలైందని చాలామంది చెబుతారు. అంటే ఈ దేశపు గ్రాఫిక్ నవల పుట్టిందే ఒక నది కథతో. నక్కవాగు వాగే కాబట్టి దానికి కథ లేదా?

డ్రమ్ము మీది ఎండిన చెట్టు, చచ్చిన చేప గుర్తును మళ్లీ చూడండి. నీళ్లలో కలిస్తే ఏమవుతుందో కంపెనీవాళ్లకు తెలుసు. ఎర్ర గీత గీసి, బొమ్మ వేసి మరీ అతికించారు. ఆ గడిలో చెట్టుంది, చేపుంది, మనిషి లేడు. ఆ చేపను పట్టి బతికిన మనిషిని, ఆ చెట్టు కింద పని చేసిన ఆడమనిషిని గీసి గడిలోకి తేవాల్సింది మనమే.

చివరగా పాఠకులకు మా మనవి. బొమ్మల పుస్తకం చదివితే మీ అభిప్రాయాన్ని లోపల దాచుకోకండి. నచ్చితే ఏ గడి నచ్చిందో, నచ్చకపోతే ఏ గడిలో మన ముఖం చెడిందో చెప్పండి. చదువు రాని అమ్మతో, అవ్వతో కూడా చదివించి వాళ్ల మాట రాసుకోండి. పటం ముందు కూర్చుని రాత్రంతా కథ విన్న తరం వాళ్లది. బొమ్మలో ఏముందో మనకంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.